నమూనా నిర్మాణం – సత్యశోధన

ఒక పెద్ద వస్తువును చూసి, దానిని పోలిన చిన్న వస్తువును తయారుచేయడం మానవునికి ప్రాచీన కాలం నుండి తెలిసిన విద్య. అయితే బొమ్మకూ నమూనాకూ భేదం ఉన్నది. బొమ్మ చూపరికి ఆనందం కలిగిస్తే చాలు. నమూనా ఆనందంతోపాటు నిజాన్ని కూడా అందించాలి. అసలు వస్తువులోని ప్రతి కొలతనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి, దాని ఆకారాన్ని, రంగును, అమరికను యథాతథంగా చూపేదే స్కేలు నమూనా. ఓడలు, రైలు ఇంజన్లు, విమానాలు మొదలైన వాటికి ఇటువంటి నమూనాలు తయారుచేయడం అనేక దేశాలలో ఎందరికో ప్రీతిపాత్రమైన వ్యాపకం.

ఈ పనిలో కత్తి, జిగురు, రంగులు చేతబట్టడానికి ముందే జరగవలసిన కార్యం ఒకటి ఉన్నది. అదే పరిశోధన. ప్రసిద్ధమైన విమానాల విషయంలో ఇది సులభం. వాటి చిత్రాలు, కొలతలు, గ్రంథాలు విరివిగా లభిస్తాయి. కొద్ది సంఖ్యలో తయారై, కొద్దికాలం మాత్రమే ఎగిరి, కాలగర్భంలో కలిసిపోయిన విమానాల విషయంలో మాత్రం నమూనా నిర్మాత చరిత్రకారుడు కాక తప్పదు. అతడు సాక్ష్యాలను సేకరించాలి. వాటిని పరస్పరం పోల్చాలి. ఏది నమ్మదగినదో, ఏది కాదో నిర్ణయించాలి. ఈ శోధన ఏ విధంగా సాగుతుందో తెలుసుకోవడానికి ఇటలీ దేశంలో 1930వ దశకంలో రూపొందిన ‘మక్కి ఎం.సి.72’ అనే జలవిమానం చక్కని ఉదాహరణ.

నీటిపై నుండి లేచి, తిరిగి నీటిపైనే దిగగల విమానం జలవిమానం. దానికి చక్రాలకు బదులు పడవలవంటి రెండు పొడవైన భాగాలు ఉంటాయి. వీటిని ఫ్లోట్లు అంటారు. ఇంతటి బరువైన భాగాలను కింద తగిలించుకొన్న విమానం వేగంగా పోలేదని ఎవరైనా భావించడం సహజం. కాని 1920వ దశకం ఉత్తరార్ధంలోను, 1930వ దశకం మొదటి భాగంలోను ప్రపంచంలోకెల్లా వేగవంతమైన విమానాలు జలవిమానాలే. దీనికి కారణం లేకపోలేదు. అత్యధిక వేగం కావాలంటే రెక్కలు చిన్నవిగా ఉండాలి. రెక్కలు చిన్నవైతే విమానం పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ ఎక్కువ వేగం, తన్మూలంగా ఎంతో పొడవైన బాట అవసరమవుతాయి. ఆనాటి విమానాశ్రయాలలో అంత పొడవైన బాటలు లేవు. సరస్సులు, సముద్రతీరాలు మాత్రం కిలోమీటర్ల పొడవున సహజమైన బాటలను సమకూర్చాయి.

ఫ్రెంచి దేశీయుడైన జాక్ ష్నైడర్ 1912లో ప్రకటించిన బహుమతి జలవిమానాల వేగాన్ని మరింత పెంచింది. ఆయన పేరిట తొలి పోటీ 1913లో మొనాకోలో జరిగింది. అయిదేళ్ల వ్యవధిలో మూడు పర్యాయాలు గెలిచిన దేశానికి ఆ ట్రోఫీ శాశ్వతంగా దక్కుతుందన్నది నియమం. 1927లోను, 1929లోను బ్రిటన్ గెలిచింది. 1931లో కూడా ఆ దేశమే గెలిస్తే ట్రోఫీ ఇక ఎవరికీ అందదు. ఆ పరిస్థితిలో దానిని నిలువరించడానికి ఇటలీ సిద్ధం చేసిన ఆయుధమే ఎం.సి.72. మక్కి సంస్థలో దీనిని రూపొందించినవాడు మారియో కాస్టోల్డి. విమానం పేరులోని రెండు అక్షరాలు సంస్థ పేరుకూ, రూపశిల్పి పేరుకూ గుర్తులు.

కాని ఇంజను సమస్యల వల్ల ఈ విమానం ఆ పోటీకి చేరలేకపోయింది. 1931 సెప్టెంబరు 13న బ్రిటన్ విమానం సూపర్‌మెరైన్ ఎస్.6బి ప్రత్యర్థి లేకుండానే ఒంటరిగా ఎగిరి, గంటకు 547 కిలోమీటర్ల సగటు వేగంతో ట్రోఫీని శాశ్వతంగా గెలుచుకొన్నది. పోటీ ముగిసినా ఇటలీవారు తమ ప్రయత్నాన్ని విరమించలేదు. ఉత్తర ఇటలీలోని గార్డా సరస్సు తీరాన, దెసెన్‌జానో వద్ద పరీక్షలు కొనసాగాయి. 1933 ఏప్రిల్‌లో ఫ్రాన్సెస్కో అజెల్లో ఈ విమానంలో గంటకు 682 కిలోమీటర్ల వేగాన్ని సాధించాడు. 1934 అక్టోబరు 23న అతడే 709 కిలోమీటర్లను దాటి తన రికార్డును తానే అధిగమించాడు. 1939 వరకు భూమిపై ఏ విమానమూ ఆ వేగాన్ని మించలేదు. పిస్టన్ ఇంజను గల జలవిమానాల తరగతిలో ఆ రికార్డు ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఇంతటి ఘనత సాధించినప్పటికీ ఈ విమానాలు తయారైనవి అయిదు మాత్రమే. అందువల్ల ఆసక్తిపరులకు తప్ప ఇతరులకు దీని పేరు అంతగా తెలియదు.

ఇట్టి విమానానికి నమూనా నిర్మించదలచినవాడు మొదట వేసుకోవలసిన ప్రశ్న “ఏ విమానం?” అన్నది కాదు, “ఏ విమానం, ఏ రోజున?” అన్నది. అయిదు విమానాలకూ ఎం.ఎం.177 మొదలు 181 వరకు సైనిక వరుససంఖ్యలు ఉన్నాయి. 1931 నుండి 1934 వరకు పరీక్షలు జరిగిన కాలంలో ఇంజనులోను, ఇతర భాగాలలోను మార్పులు చోటుచేసుకొన్నాయి. ఒక సంవత్సరపు ఛాయాచిత్రం నుండి ముక్కును, మరొక సంవత్సరపు చిత్రం నుండి తోకను గ్రహించి కలిపితే, ఏనాడూ ఏ సరస్సుపైనా ఎగరని విమానం తయారవుతుంది. అందులోని ప్రతి భాగమూ నిజమే కావచ్చు. మొత్తం మాత్రం అబద్ధం. కాబట్టి ఛాయాచిత్రం లభించగానే అది ఏ విమానానిదో, ఏ కాలానిదో నిర్ణయించడం పరిశోధనలో మొదటి మెట్టు.

రెండవ మెట్టు కొలతలు. ఎం.సి.72 రెక్కల చివరి నుండి చివరికి 9.48 మీటర్లు, పొడవు 8.32 మీటర్లు. విమాన నమూనాలలో ఎక్కువగా వాడుకలో ఉన్న నిష్పత్తి 1:72. అనగా అసలు విమానంలోని 72 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు అవుతాయి. విమానం పేరులోని 72కూ ఈ నిష్పత్తికీ సంబంధం లేదు. అది కేవలం యాదృచ్ఛికం. ఈ లెక్కన రెక్కల విస్తారం నమూనాలో సుమారు 13.2 సెంటీమీటర్లు, పొడవు సుమారు 11.6 సెంటీమీటర్లు. నమూనాలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు జరిగితే అసలు విమానంలో అది 7.2 సెంటీమీటర్ల దోషంతో సమానం. అరచేతిలో ఇమిడే వస్తువులో అంత చిన్న తేడాను ఎవరు చూస్తారని అనిపించవచ్చు. కాని ముక్కు ఒక మిల్లీమీటరు లావైతే ఆ విమానపు బాణంవంటి సన్నదనం కంటికి కనిపించకుండా పోతుంది.

రెక్కల విస్తారం, పొడవు తెలిసినంత మాత్రాన తక్కిన కొలతలు తెలియవు. వాటిని ఛాయాచిత్రాల నుండి, గీతచిత్రాల నుండి రాబట్టాలి. ఛాయాచిత్రంలో కెమెరాకు దగ్గరగా ఉన్న భాగం పెద్దదిగాను, దూరంగా ఉన్నది చిన్నదిగాను కనిపిస్తుంది. అందుచేత సరిగ్గా పక్క నుండి, తగినంత దూరం నుండి తీసిన చిత్రాన్నే కొలతలకు ఉపయోగించాలి. తెలిసిన పొడవును ఆధారం చేసుకొని, తెలియని భాగం అందులో ఎన్నో వంతు ఉన్నదో లెక్కించాలి. ఇక పుస్తకాలలోని గీతచిత్రాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పది పుస్తకాలలో ఒకే చిత్రం కనిపించినంత మాత్రాన పది సాక్ష్యాలు లభించినట్లు కాదు. ఆ పదింటికీ మూలం ఒక్కటే అయితే, సాక్ష్యం కూడా ఒక్కటే. మూలంలో దోషం ఉంటే అది పది నోళ్ల పలికినా దోషమే.

మూడవ మెట్టు అన్నింటికంటె ముఖ్యమైనది. భాగం ఎలా ఉన్నదని మాత్రమే కాక, అది అలా ఎందుకు ఉన్నదని అడగడం. ఎం.సి.72 ముక్కు చివర ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. ఒక్కొక్కదానికి రెండేసి బ్లేడులు. ఆగి ఉన్న విమానం చిత్రంలో ఇవి నాలుగు బ్లేడులు గల ఒకే ప్రొపెల్లరువలె కనిపించవచ్చు. కారణం తెలియని నిర్మాత నాలుగింటినీ ఒకే వైపుకు మెలితిప్పి అమర్చుతాడు. అది పెద్ద పొరపాటు.

దీనిని అర్థం చేసుకోవడానికి ఆనాటి ఇతర జలవిమానాల ఇబ్బందిని గమనించాలి. శక్తిమంతమైన ఇంజను ప్రొపెల్లరును ఒకవైపుకు తిప్పినప్పుడు, విమాన దేహం దానికి వ్యతిరేక దిశలో తిరగడానికి ప్రయత్నిస్తుంది. చర్యకు ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ సూత్రం ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. నీటిపై పరుగెత్తేటప్పుడు ఈ ప్రతిచర్య వల్ల ఒక ఫ్లోటు నీటిలోకి నొక్కుకుపోతుంది. విమానం పక్కకు తిరిగిపోతుంది. 1927లో గెలిచిన సూపర్‌మెరైన్ ఎస్.5లో దీనికి విరుగుడుగా కుడి ఫ్లోటులో ఇంధనాన్ని నింపి ఆ వైపు బరువు పెంచారు. కాస్టోల్డి మరొక మార్గాన్ని అనుసరించాడు. ఫియట్ సంస్థ తయారుచేసిన ఎ.ఎస్.6 ఇంజనులో పన్నెండేసి సిలిండర్లు గల రెండు భాగాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఒక్కొక్క భాగం ఒక్కొక్క ప్రొపెల్లరును తిప్పుతుంది. ఆ రెండు ప్రొపెల్లర్లూ పరస్పరం వ్యతిరేక దిశలలో తిరుగుతాయి. ఒకదాని ప్రతిచర్యను మరొకటి రద్దుచేస్తుంది. కనుక ముందరి బ్లేడుల మెలిక ఒకవైపుకు, వెనుకటి బ్లేడుల మెలిక దానికి వ్యతిరేకంగా ఉండి తీరాలి. ఛాయాచిత్రం మసకగా ఉన్నా ఈ విషయంలో సందేహానికి తావులేదు. కంటికి అందని దానిని కారణం చూపిస్తుంది.

రెక్కల విషయం కూడా ఇటువంటిదే. మూడువేల అశ్వశక్తికి అటుఇటుగా శక్తినిచ్చే ఇంజను విపరీతమైన వేడిని పుట్టిస్తుంది. మోటారుకారుకు ఉన్నట్లు ముందుభాగంలో రేడియేటరు పెడితే గాలి ఒరిపిడి పెరిగి వేగం తగ్గుతుంది. అందువల్ల కాస్టోల్డి రెక్కల ఉపరితలాన్నే రేడియేటరుగా మార్చాడు. ఇంజను నుండి వచ్చిన వేడినీరు రెక్కల పైపొరలో అమర్చిన చదునైన సన్నని గొట్టాలలో ప్రవహించి చల్లారుతుంది. ఫ్లోట్లపైన కూడా నీటికి, నూనెకు రేడియేటర్లు ఉన్నాయి. ఈ సంగతి తెలియనివాడు విమాన దేహానికి వేసిన ఎర్రరంగునే రెక్కలన్నింటికీ వేస్తాడు. వేడిని వెలుపలికి పంపవలసిన లోహంపై దట్టమైన రంగు పూయడం వేడిమికి అడ్డు కట్టడమే. కాబట్టి రేడియేటరు భాగాలను లోహపు సహజ ఛాయలోనే చూపాలి. గొట్టాల వరుసలను సూచించే సన్నని గీతలు కూడా అక్కడ ఉండాలి.

ఇక రంగు. అది పాత విమానాల పరిశోధనలో అత్యంత క్లిష్టమైన సమస్య. ఇటలీ పందెపు విమానాలకు ఎరుపు జాతీయ చిహ్నంవంటిది. ఎం.సి.72 దేహం కూడా ఎరుపే. కాని ఆనాటి చిత్రాలు నలుపు తెలుపులలో ఉన్నాయి. కొన్నింటిలో విమానం దాదాపు నల్లగాను, మరికొన్నింటిలో బూడిదరంగులోను కనిపిస్తుంది. రెండు వేర్వేరు రంగులు వేశారని తొందరపడి నిర్ణయించరాదు. ఆ కాలంలో రెండు రకాల ఫిలిములు వాడుకలో ఉండేవి. ఆర్థోక్రొమాటిక్ అనే రకం నీలం, ఆకుపచ్చ కాంతులను గ్రహిస్తుంది. ఎర్రని కాంతిని గ్రహించలేదు. దానిపై ఎరుపు నల్లగా పడుతుంది, నీలాకాశం తెల్లబోతుంది. పాంక్రొమాటిక్ అనే రకం అన్ని రంగులనూ గ్రహిస్తుంది కనుక దానిపై ఎరుపు బూడిదరంగుగా పడుతుంది. చిత్రంలోని నలుపు విమానపు లక్షణం కాక, ఫిలిము లక్షణం కావచ్చు.

ఈ చిక్కును విప్పడానికి ఉపాయం ఉన్నది. రంగు ముందే తెలిసిన వస్తువు అదే చిత్రంలో ఎక్కడైనా ఉన్నదేమో వెదకాలి. ఇటలీ విమానం తోకపై ఆ దేశపు పతాకంలోని ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీలు ఉంటాయి. పతాకంలోని ఎరుపు ఆ చిత్రంలో ఎంత నల్లగా పడిందో చూచి, విమాన దేహపు ఛాయతో పోల్చాలి. రెండూ ఇంచుమించుగా సమానమైతే దేహం కూడా ఎరుపేనన్న నిర్ణయానికి బలం చేకూరుతుంది. తెలిసిన దాని సహాయంతో తెలియని దానిని కనుగొనడమే శాస్త్రపద్ధతి. ప్రయోగశాలలోనైనా, నమూనా నిర్మాత బల్లమీదనైనా ఆ పద్ధతి ఒక్కటే.

రోమ్ నగరానికి సమీపంలోని బ్రచ్చానో సరస్సు తీరాన విన్యా ది వల్లే అనే చోట ఇటలీ వైమానికదళ ప్రదర్శనశాల ఉన్నది. అజెల్లో రికార్డు నెలకొల్పిన ఎం.ఎం.181 విమానం అక్కడ భద్రంగా ఉన్నది. అసలు విమానమే ఉండగా ఇక పరిశోధన దేనికని ప్రశ్న పుట్టవచ్చు. ఆకారం, అమరిక, కొలతల విషయంలో దానిని మించిన సాక్ష్యం లేదు. రంగుల విషయంలో మాత్రం జాగరూకత వహించాలి. ఏళ్లు గడిచేకొద్దీ లోహం కాంతి తరుగుతుంది, ఎరుపు వెలిసిపోతుంది, భద్రపరిచే ప్రయత్నంలో పైపూతలు మారవచ్చు. ప్రదర్శనశాలలోని విమానం నేటి రూపాన్ని చూపుతుంది. నమూనాకు కావలసినది 1934 అక్టోబరు నాటి రూపం. కాబట్టి విమానాన్ని, పాత చిత్రాలను పక్కపక్కన ఉంచి పరిశీలించాలి. ఒకటి మరొకదానికి పూరకమే కాని, ప్రత్యామ్నాయం కాదు.

ఈ శోధనలో కొలతలు, రంగులు మాత్రమే కాక మనుషులు కూడా ఎదురవుతారు. 1931 ఆగస్టులో జొవాన్ని మోంటి, సెప్టెంబరులో స్టానిస్లావో బెల్లీని ఎం.సి.72 విమానాలను పరీక్షిస్తూ ప్రాణాలు కోల్పోయారు. ఈ ప్రమాదాల కారణాలను వివిధ గ్రంథాలు ఒకే విధంగా చెప్పవు. అటువంటి చోట మిక్కిలి ఆసక్తికరమైన కథనాన్ని ఎన్నుకొని దానినే చరిత్రగా ప్రకటించడం సత్యానికీ, మరణించినవారికీ కూడా అపచారం.

ఇంజనును పీడించిన సమస్య మాత్రం స్పష్టంగా తెలిసినదే. నేలపై పరీక్షించినప్పుడు ఎ.ఎస్.6 చక్కగా పనిచేసేది. అదే ఇంజను గాలిలో అత్యధిక వేగాన్ని అందుకొన్నప్పుడు బ్యాక్‌ఫైర్ అయ్యేది. అనగా ఇంధనం మండవలసిన చోట కాక, గాలి లోపలికి వచ్చే మార్గంలోనే మండిపోయేది. బ్రిటన్‌కు చెందిన ఇంధన నిపుణుడు రాడ్వెల్ బ్యాంక్స్ సలహాతో దీని గుట్టు బయటపడింది. విమానం దూసుకుపోయేటప్పుడు ఎదురుగాలి ఇంజనులోకి బలంగా చొచ్చుకువస్తుంది. దానివల్ల గాలి, ఇంధనాల పాళ్లు మారిపోతాయి. నేలపై జరిపిన పరీక్షలలో ఆ ఎదురుగాలి లేదు. విమాన వేగానికి సమానమైన గాలిని ఇంజనులోకి పంపుతూ తిరిగి పరీక్షించి, ఇంధన మిశ్రమాన్ని సవరించిన తరువాతనే ఇంజను దారికి వచ్చింది. ఆ పరిష్కారం ముందే లభించి ఉంటే 1931 పోటీలో బ్రిటన్ విమానం ఒంటరిగా ఎగరవలసివచ్చేది కాదేమో!

నిజానికి నేలపై జరిగే పరీక్ష కూడా ఒక నమూనాయే. ఆకాశంలోని పరిస్థితికి అది చిన్న ప్రతిబింబం. ప్రతి నమూనాలోను కొన్ని అంశాలు వదిలివేయక తప్పదు. ఏవి వదిలివేశామో తెలిసి ఉన్నంతవరకు నష్టం లేదు. వదిలివేసిన సంగతి కూడా తెలియనప్పుడే అనర్థం కలుగుతుంది. ఇంజనీర్ల పరీక్షలో లోపించినది గాలి. నమూనా నిర్మాత పనిలో లోపించేది బ్లేడు మెలిక కావచ్చు, లోహపు ఛాయ కావచ్చు, చిత్రం తీసిన తేదీ కావచ్చు. ఒకచోట ఫలితం ప్రమాదం. మరొకచోట చూపరి మనసులో నిలిచిపోయే చిన్న అసత్యం. పరిమాణంలో పోలిక లేకపోయినా రెండింటి మూలం ఒక్కటే.

ఆ విధంగా శోధించి నిర్మించిన 13 సెంటీమీటర్ల విమానం కేవలం అలంకార వస్తువు కాదు. ఎదురెదురుగా మెలిదిరిగిన బ్లేడులలో న్యూటన్ సూత్రం ఉన్నది. లోహపు రెక్కలలో ఉష్ణశాస్త్రం ఉన్నది. ఎర్రని దేహంలో ఒక దేశపు అభిమానం ఉన్నది. దాని వెనుక రికార్డు నెలకొల్పిన అజెల్లో సాహసంతోపాటు, ఆ రికార్డును చూడకుండానే మరణించిన మోంటి, బెల్లీనిల త్యాగం కూడా ఉన్నది. అజెల్లో సైతం 1942లో మరొక విమానాన్ని పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించాడు. చేతిలోని వస్తువు ఎంత చిన్నదైనా, దానిలోని ప్రతి భాగానికీ “ఇది ఇలాగే ఉండేదని ఎలా తెలుసు?” అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలిగినప్పుడే నిర్మాత శ్రమ సార్థకమవుతుంది.